మొక్క గోడను సడలించే ప్రోటీను: కీర దోస మొలక నుంచి మామిడి పండు దాకా

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మామూలుగా ఫీజుల గురించి, ఉపకార వేతనాల గురించి, వైద్య సాయం గురించి మాట్లాడుకుంటాం. ఈసారి సైన్సు విషయం ఏదైనా ఒకటి చెప్పమని కార్యవర్గం అడిగింది. బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం కాబట్టి మేము పెద్ద విషయం జోలికి పోలేదు. కంటికి కనబడనంత చిన్నది ఎంచుకున్నాం. మొక్క కణం చుట్టూ ఉండే గోడను సమయం చూసి వదులు చేసే ఒక ప్రోటీను. దాని పేరు ఎక్స్‌పాన్సిన్. వరంగల్ మార్కెట్‌కు వచ్చే పత్తిలోనూ, మోండా మార్కెట్‌లో మనం కొనే మామిడి పండులోనూ దాని చేయి ఉంది. ఈ హాలులో పండ్ల వ్యాపారం మీద బతికే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. మాట చివరికి వాళ్ల దగ్గరికే వస్తుందని ముందే మనవి చేస్తున్నాం.

ఇఫ్తార్‌కని నానబెట్టిన శనగల్లో గుప్పెడు గిన్నె అడుగున మిగిలిపోతే రెండో రోజుకు తెల్లని మొలక బయటికి వస్తుంది. మూడో రోజుకు అది వేలెడు. పెరగడం అంటే ఏమిటని పరీక్షలో అడిగితే, కణాలు ఒకటి రెండు కావడం, రెండు నాలుగు కావడం అని పిల్లలు రాస్తారు. అది సగమే నిజం. మొలక అంత త్వరగా సాగడానికి అసలు కారణం, ఉన్న కణాలే ఒక్కొక్కటీ పది రెట్లు, అంతకన్నా ఎక్కువగా పొడవు కావడం. దీన్ని బడిలో చూపించడానికి ఖర్చేమీ లేదు. శనగ మొలక వేరు మీద మిల్లీమీటరుకొక సిరా గీత గీసి, తడి గుడ్డలో ఉంచాలి. మర్నాడు చూస్తే కొనకు కొంచెం వెనక ఉన్న గీతలు దూరదూరంగా జరిగిపోయి ఉంటాయి. పైన ఉన్న గీతలు ఎక్కడివక్కడే ఉంటాయి. పెరుగుదల అంతా ఆ కొద్ది మేరలోనే జరిగిందన్నమాట. అక్కడే ఎందుకు అని అడిగే పిల్ల ప్రతి తరగతిలోనూ ఒకతి ఉంటుంది. ఈ ప్రసంగం ఆ ప్రశ్నకు జవాబే అనుకోండి.

అల్ అన్‌ఆమ్ సూరాలో గింజ, ఖర్జూరపు టెంక చీలడం ప్రస్తావనకు వస్తుందని పెద్దలకు తెలుసు. దాని వ్యాఖ్యానం ఉలమాల పని, మేము అందులోకి వెళ్లం. చీలిన తర్వాత లోపలి మొలక సాగే తీరు వరకే మా పాఠం.

మన ఒంట్లోని కణానికి పల్చటి పొర మాత్రమే ఉంటుంది. మొక్క కణానికి ఆ పొర బయట ఇంకో గట్టి గోడ ఉంటుంది. పాఠ్య పుస్తకాల్లో దాన్ని కణ కవచం అంటారు. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి గదుల్లాంటివి కనిపించాయని రాశాడు. ఆయన చూసింది నిజానికి ఈ గోడలనే, లోపలి ప్రాణం ఎప్పుడో పోయింది. ఈ గోడలో సెల్యులోజ్ పోగులు ఇనుప కడ్డీల్లాంటివి. స్లాబులో కడ్డీల చుట్టూ కాంక్రీటు ఉన్నట్టు, ఆ పోగుల చుట్టూ వేరే రకం చక్కెర గొలుసులు, పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంటాయి. జామ్ గట్టిపడేది ఈ పెక్టిన్ వల్లే. ఇక లోపల నీళ్లు నిండి గోడను బయటికి నెడుతూ ఉంటాయి. ఆ ఒత్తిడి సామాన్యమైనది కాదు. చాలా మొక్కల కణాల్లో అది 3 నుంచి 10 వాతావరణ పీడనాల దాకా ఉంటుంది. కారు టైరులో మనం కొట్టించే గాలి ఆ లెక్కన సుమారు 2. వాడిపోయిన కొత్తిమీర కట్ట మీద నీళ్లు చల్లితే మళ్లీ తలెత్తుకునేది ఈ ఒత్తిడి తిరిగి రావడం వల్లే.

ఇప్పుడు చిక్కు చూడండి. గోడ గట్టిగా ఉన్నంతకాలం కణం పెరగలేదు. గోడ బలహీనపడితే లోపలి ఒత్తిడికి బుడగలా పేలిపోతుంది. మన ఇంట్లో కొడుక్కి పెళ్లయిందని గది పెద్దది చేయాలనుకుంటే గోడ పడగొట్టి, ఓ నెల రోజులు సామాను వరండాలో పెట్టుకుని, కొత్త గోడ లేపుతాం. మొక్కకు ఆ వెసులుబాటు లేదు. అది ఇంట్లో కాపురముంటూనే, కప్పు మీద పడకుండా, గోడను జరుపుకోవాలి. జరిపే మేస్త్రీ ఎవరు?

ఈ ప్రశ్న చుట్టూ శాస్త్రవేత్తలు వందేళ్లకు పైగా తిరిగారు. 1880లో చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ కలిసి మొక్కల కదలికల మీద పుస్తకం ప్రచురించారు. గడ్డి మొలక వెలుగు వైపు వంగడానికి కొన నుంచి కిందికి ఏదో సందేశం వెళ్తోందని అందులో చూపించారు. ఆ సందేశమే తర్వాత ఆక్సిన్ అనే హార్మోనుగా బయటపడింది. 1970ల తొలి రోజుల్లో ఇంకో సంగతి తేలింది. ఆక్సిన్ అందగానే కణం తన గోడలోకి ఆమ్లాన్ని పంపుతుంది, గోడ పులుపెక్కుతుంది, పులుపెక్కిన గోడ సాగుతుంది. అయితే పులుపు ఒక్కటే గోడను సాగదీస్తుందా, లేక పులుపు తగలగానే లేచి పనిచేసేది ఇంకేదైనా గోడలో ఉందా?

తేల్చింది అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో సైమన్ మెక్వీన్ మేసన్, డేనియల్ డురాచ్కో, డేనియల్ కాస్‌గ్రోవ్. సంవత్సరం 1992. వాళ్ల పని తీరు వింటే మన పిల్లలకు కూడా అందేదే. చీకట్లో పెంచిన కీర దోస మొలకల కాడలు తీసుకున్నారు. వాటిని గడ్డకట్టించి, కరిగించి, ప్రాణం పోగొట్టారు. అంటే ఇక అందులో మిగిలింది గోడ మాత్రమే. ఆ ముక్కను రెండు పట్టుకార్ల మధ్య బిగించి, బరువు తగిలించి, పుల్లటి నీళ్లలో ఉంచారు. ప్రాణం లేని ఆ గోడ నెమ్మదిగా సాగడం మొదలుపెట్టింది. ఇంకో ముక్కను ముందు వేడినీళ్లలో ఉడికించి అదే పని చేశారు. అది సాగలేదు. వేడికి చెడిపోయేది ఏమిటి? ప్రోటీను. గుడ్డు ఉడికితే ఏమవుతుందో ఇంట్లో చూసిన పిల్ల ఈ మాట చెప్పగలదు.

ఆ తర్వాతి మెట్టు ఈ కథలో మాకు అన్నిటికన్నా ఇష్టమైనది. పెరుగుతున్న మొలకల గోడల నుంచి ప్రోటీన్లు తీసి, వాటిని విడగొట్టి, ఒక్కో భాగాన్నీ ఉడికించిన ముక్క మీద పోసి చూశారు. రెండు ప్రోటీన్ల దగ్గరికి వచ్చేసరికి, ఉడికి కదలిక లేని ఆ గోడ మళ్లీ సాగింది. వాటికే ఎక్స్‌పాన్సిన్లు అని పేరు పెట్టారు.

గోడను వదులు చేసేది కత్తెరలాంటి ఎంజైమ్ అయి ఉంటుందని, గొలుసులను అక్కడక్కడా కోస్తుందని అంతకుముందు చాలామంది అనుకునేవారు. ఎక్స్‌పాన్సిన్ దగ్గర కోత జాడ దొరకలేదు. 1994లో వాళ్లే వడపోత కాగితం ముక్కల మీద ఈ ప్రోటీను పనితనం చూశారు. కాగితం అంటే సెల్యులోజ్ పీచులు హైడ్రోజన్ బంధాలతో ఒకదానికొకటి అంటుకుని ఉండటమే. ప్రోటీను తగిలిన కాగితం బలం తగ్గింది. పీచు తెగలేదు, అంటు వదిలింది. తడి చీర మడతలు ఒకదానికొకటి అతుక్కుపోతే మనం చింపం కదా, కొస పట్టుకుని నెమ్మదిగా విడదీస్తాం. ఎక్స్‌పాన్సిన్ చేసేది అదే. పోగుల మధ్య పట్టు కొంచెం సడలుతుంది, లోపలి నీటి ఒత్తిడికి అవి కొంచెం జరుగుతాయి, మళ్లీ అంటుకుంటాయి. ఈలోగా కణం కొత్త పోగులు అల్లి గోడ పల్చబడకుండా చూసుకుంటుంది. పులుపు తగ్గితే ప్రోటీను పని మందగిస్తుంది. కాబట్టి తాళంచెవి మొక్క చేతిలోనే ఉంటుంది.

ఒక మొక్కలో ఇది ఒకటే రకం ఉండదు. పరిశోధనశాలల్లో ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ అనే ఆవ జాతి చిన్న మొక్కలో ఈ కుటుంబానికి చెందిన జన్యువులు 36. మనం తినే వరిలో 58. వేరుకు ఒకటి, కాడకు ఒకటి, పుప్పొడికి ఇంకొకటి అన్నట్టు పంచుకుంటాయి. 1997లో ఆండ్రూ ఫ్లెమింగ్ బృందం ఈ ప్రోటీనులో నానిన చిన్న పూసను టమాటా చిగురు కొన మీద పెట్టింది. అక్కడ ఆకు లాంటి బుడిపె లేచింది. గోడ ఒక్కటి వదులైతే చాలు, ఆకారం మొదలవుతుంది.

ఇప్పుడు మన నేలకు వద్దాం. తెలంగాణ రైతు పత్తి వేస్తాడు. దూది పోగు ఒక్కొక్కటీ ఒకే ఒక కణమని ఈ సభలో ఎందరికి తెలుసో మరి. గింజ పైపొరలో ఉన్న కణం ఒకటి పూత రోజున ఉబ్బడం మొదలుపెట్టి, సుమారు మూడు వారాల్లో మూడు సెంటీమీటర్ల దాకా సాగుతుంది. దాని వెడల్పు మిల్లీమీటరులో యాభయ్యో వంతు. అంత సన్నటి గొట్టం తెగకుండా, పేలకుండా వెడల్పుకు వెయ్యి రెట్లకు మించి సాగాలంటే గోడ ఎంత అదుపులో వదులవ్వాలో ఆలోచించండి. ఆ మూడు వారాల్లో పోగు కణంలో ఎక్స్‌పాన్సిన్ జన్యువులు జోరుగా పనిచేస్తాయి. తర్వాత సాగడం ఆగి, లోపల సెల్యులోజ్ పేరుకుని పోగు గట్టిపడుతుంది. కేంద్రం మద్దతు ధర ప్రకటించేటప్పుడు మధ్యస్థ పింజకు ఒక ధర, పొడవు పింజకు ఒక ధర చెబుతుంది. పింజ సాగే రోజుల్లో వాన మొహం చాటేస్తే కణంలో నీటి ఒత్తిడి పడిపోతుంది, నెట్టేవాడు లేని గోడ వదులైనా సాగదు, పింజ పొట్టిదవుతుంది. రైతు చేతికి వచ్చే రూపాయల్లో ఆ మిల్లీమీటర్ల లెక్క ఉంటుంది. ఎండకు కాడ పెరుగుదల ఆగినా వేరు మాత్రం నీటి కోసం కిందికి పోతూనే ఉంటుంది. మొక్కజొన్న వేరు కొనల్లో నీటి కరువు వేళ ఎక్స్‌పాన్సిన్ పని పెరుగుతుందని 1996లో చూపించారు. మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ 1972 నుంచి మన పటాన్‌చెరులోనే ఉంది. మన పిల్లల్లో ఎందరు ఆ గేటు లోపలికి వెళ్లి చూశారు?

గడ్డి గురించి ఒక్క మాట చెప్పి పండు దగ్గరికి వస్తాం. గడ్డి జాతుల పుప్పొడిలోనూ ఈ కుటుంబపు ప్రోటీన్లు ఉన్నాయి. పుప్పొడి నాళం ఆడపువ్వు లోపలికి దారి చేసుకోవడానికి అవి గోడలను సడలిస్తాయి. గడ్డి పుప్పొడి పడనివారిలో తుమ్ములు, దమ్ము తెప్పించే ముఖ్యమైన ప్రోటీన్లు ఇవేనని 1997లో కాస్‌గ్రోవ్ బృందం చూపింది. మన గరిక పుప్పొడిలో ఉన్నదీ ఆ జాతిదే. మేము డాక్టర్లం కాము. ఆయాసపడే పిల్లవాడిని ఆటలకు దూరంగా కూర్చోబెట్టి ఊరుకోకుండా డాక్టరుకు చూపించమని తల్లిదండ్రులకు చెప్పడం వరకే మా పని.

పండు మాగడం అంటే రంగు మారడం, తీపి ఎక్కడం, వాసన రావడం, మెత్తబడటం. ఈ నాలుగూ వేర్వేరు పనులు, ఒకే పిలుపుకు కదులుతాయి. ఆ పిలుపు ఎథిలీన్ అనే వాయువు, కాయ తానే తయారు చేసుకుంటుంది. మన తాతలు వరిగడ్డిలో కాయలు మాగవేసేటప్పుడు చేసింది ఆ వాయువు బయటికి పోకుండా ఆపడమే. మెత్తబడటం పెక్టిన్ కరగడం వల్లేనని చాలాకాలం అనుకున్నారు. పెక్టిన్‌ను కోసే ఎంజైమ్‌ను అణచివేసి తయారు చేసిన ఫ్లేవర్ సేవర్ అనే టమాటా 1994లో అమెరికా మార్కెట్‌కు వచ్చింది. అనుకున్నంత గట్టిగా నిలవలేదు, కొన్నేళ్లకే కనుమరుగైంది. 1999లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు టమాటాలో మాగే వేళ పనిచేసే ఎక్స్‌పాన్సిన్‌ను అణిచి చూశారు, పండు గట్టిగా ఉంది. అదే ప్రోటీనును ఎక్కువ చేసి చూస్తే, రంగు తిరగకముందే పచ్చి కాయ మెత్తబడింది! మన దేశంలో లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్లు దశేరీ మామిడి మీద పనిచేసి 2005లో ప్రచురించారు. ఎథిలీన్ తగిలిన తొలి దశలోనే మామిడిలో ఒక ఎక్స్‌పాన్సిన్ జన్యువు మేల్కొంటుందని, పండు మెత్తబడటం దానితో ముడిపడి ఉందని తేల్చారు. బంగినపల్లిని బొటనవేలితో మెల్లగా నొక్కి చూసే ప్రతి గృహిణీ ఆ ప్రోటీను పని పూర్తయిందా లేదా అని పరీక్షిస్తున్నట్టే.

రంజాన్ నెల ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. మామిడి తన నెల మార్చుకోదు. రంజాన్ ఏప్రిల్‌లో పడిన సంవత్సరాల్లో ఇఫ్తార్ పళ్లెంలో మామిడి ముక్క కోసం గిరాకీ ఉంటుంది, చెట్టు మీద కాయ ఇంకా ముదరదు. అప్పుడు లేత కాయ కోసి, పెట్టెలో కార్బైడ్ పొట్లం పెడతారు. కాల్షియం కార్బైడ్‌కు తేమ తగిలితే ఎసిటిలీన్ వస్తుంది. అది ఎథిలీన్ గొంతును అనుకరిస్తుంది. ముదరని కాయ ఆ పిలుపుకు పూర్తిగా పలకదు. తొక్క పసుపు తిరుగుతుంది, లోపల గోడలు సడలవు, తీపి రాదు. కొన్నవాడు కోసి చూసి మొహం చిట్లిస్తాడు. అంతకన్నా పెద్ద సంగతి, బజారులో దొరికే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లు ఉంటాయి. ఆహార భద్రతా నిబంధనలు 2011 నుంచి పండ్లకు దాని వాడకాన్ని నిషేధించాయి. 2015లో హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు ఈ విషయాన్ని తానే విచారణకు తీసుకుంది. దాని బదులు ఎథిలీన్ వాయువును 100 పీపీఎం వరకు వాడుకోవచ్చని 2016లో అనుమతి వచ్చింది.

తినేవాడి ఆరోగ్యం గురించి అందరూ మాట్లాడతారు. ఆ పొట్లాలు చేత్తో కట్టి, మూసిన గదిలో పెట్టెల మధ్య సర్దేది ఎవరు? చాలాచోట్ల బండి మీద పండ్లు అమ్మే మనిషి, లేదా అతని పిల్లలు. బడి మానేసి ఆ పనిలో కూర్చున్న పిల్లల చేతులను మేము చూశాం. ఆ తండ్రిని తిట్టి లాభం లేదు. గడ్డిఅన్నారం నుంచి బాటసింగారానికి మారిన పండ్ల మార్కెట్‌లో పచ్చి కాయ కొని, రెండు మూడు రోజుల్లో పండుగా అమ్మితేనే అతని అప్పు తీరుతుంది. ఎథిలీన్ గది పెద్ద వ్యాపారి పెట్టుకోగలడు. అందులో చల్లదనం, తేమ, వాయువు మోతాదు అదుపులో ఉండాలి, ఎప్పటికప్పుడు గాలి మార్చాలి. ఒక్క బండివాడికి అది అందని ద్రాక్ష. పదిహేను, ఇరవై మంది కలిస్తే అందుతుంది.

కాబట్టి ఈ సభ ముందు రెండు మనవులు పెడుతున్నాం. మొదటిది, వచ్చే మామిడి కాలానికి ముందే మన బస్తీల్లోని చిన్న పండ్ల వ్యాపారులను కూర్చోబెట్టి, అద్దెకు దొరికే మాగబెట్టే గదిలో వాళ్ల పెట్టెలకు చోటు ఇప్పించే ఏర్పాటు. మొదటి ఏడాది అద్దెలో కొంత సంఘం భరిస్తే చాలు, కాయ పాడవడం తగ్గితే రెండో ఏడు వాళ్లే కట్టుకుంటారని మా అంచనా. దీనికి ఏ నిధి వాడాలి, జకాత్ అవుతుందా సదకా అవుతుందా అన్నది ముఫ్తీ సాహెబ్‌ను అడిగి తేల్చాలి. అది మా హద్దు కాదు.

రెండోది చిన్నది. సంఘం ఇచ్చే ఫీజు సాయంతో చదివే ఆడపిల్లల్లో చాలామంది పదో తరగతి దాకా సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టలేదు. వాళ్ల బడిలో అది ఉంటే అలమారాలో తాళం కింద ఉంటుంది, లేకపోతే లేనే లేదు. బొమ్మ చూసి బొమ్మ గీస్తారు, మార్కులు వస్తాయి, ఇంటర్‌లో సైన్సు అంటే భయపడి వేరే గ్రూపు తీసుకుంటారు. ఆదివారాల్లో మన కార్యాలయపు మేడ మీద గదిలో రెండు సూక్ష్మదర్శినులు, కొన్ని తూకపు బరువులు, గాజు పలకలు, నానబెట్టిన శనగలు ఉంటే మేము నలుగురు టీచర్లం వంతులవారీగా వచ్చి నేర్పుతాం. జీతం అక్కర్లేదు. ఉల్లిపొర గోడలు మొదటిసారి కనిపించినప్పుడు పిల్ల కన్ను తీయనంటుంది, వెనక వరుసలో ఉన్నవాళ్లు తోసుకుంటారు. అందుకే రెండు అడుగుతున్నాం.

భోజనాలకు లేచేముందు హాలు వెనక బల్ల దగ్గరికి ఓసారి రండి. మా తరగతి పిల్లలు నిన్న ఉదయం సిరా గీతలు గీసిన శనగ మొలకలు అక్కడ ఉన్నాయి, పక్కన స్కేలు ఉంది. గీతల మధ్య దూరం మీరే కొలిచి, అక్కడున్న కాగితం మీద రాయండి. ప్రశ్నలు ఉంటే అక్కడ నిలబడిన పిల్లలనే అడగండి.